పసికందు దగ్గర చేసిన అప్పు

నెలలు నిండకుండా కిలో బరువుతో పుట్టిన బిడ్డ గొంతులోకి శ్వాసగొట్టం దించడం ప్రతి నవజాత శిశు వైద్యుడికీ ఏదో ఒక రోజు మొదటిసారే. ఆ గొట్టం లోపలి వ్యాసం రెండున్నర మిల్లీమీటర్లు. ఒక్కో ప్రయత్నం 30 సెకన్లలో ముగియాలని శిక్షణలో చెబుతారు. ముగియకపోతే గొంతు చూపే పరికరం, అంటే లారింగోస్కోపు, బయటికి తీసి, మాస్కుతో ఊపిరి అందించి, బిడ్డ రంగు తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. అంత చిన్న ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా 80, 90 మిల్లీలీటర్లే కాబట్టి బొడ్డు నుంచి రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపేటప్పుడు పొరపాటున పోయే నాలుగు చుక్కలకూ లెక్క ఉంటుంది. పుస్తకాలు ఎన్ని చదివినా, వీడియోలు ఎన్ని చూసినా, ఈ పనులు వేళ్లకు పట్టుబడాలంటే చివరికి ఒక బిడ్డ కావాలి. ఆ బిడ్డకు నొప్పి తెలుస్తుంది గానీ తన మీద ఎవరో నేర్చుకుంటున్నారని తెలియదు. ఒప్పుకోలేదు, కాదనలేదు, రేపు పెద్దయ్యాక అడగనూ లేదు. ఒక ప్రాణాన్ని నిలబెట్టే నేర్పును మరో ప్రాణం మీద నేర్వక తప్పనప్పుడు, నేర్చినవాడు ఎవరికి బాకీ పడతాడు, దాన్ని ఎలా తీర్చాలి? వైద్య విద్యా మండళ్లు ఈ ప్రశ్నను పాఠ్యప్రణాళిక సమస్యగా చూస్తాయి. నిజానికి ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. దీనికి జవాబు తేలేదాకా కోర్సులు ఎన్నేళ్లుండాలి, సీట్లు ఎన్ని ఉండాలి అనే చర్చలు సగంలోనే ఉండిపోతాయి.

ముందు ఆ కోర్సుల సంగతి చూద్దాం. ఎంబీబీఎస్, ఆ తర్వాత పిల్లల వైద్యంలో మూడేళ్ల ఎండీ, ఆపైన నియోనాటాలజీలో మరో మూడేళ్ల డీఎం. లేదంటే జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డీఆర్‌ఎన్‌బీ. నీట్-ఎస్‌ఎస్ రాసి కొందరు, ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, జిప్‌మర్ లాంటి సంస్థల కోసం వేరే ప్రవేశ పరీక్ష రాసి కొందరు ఇందులోకి వస్తారు. 1980లో ఏర్పడిన నేషనల్ నియోనాటాలజీ ఫోరం ఫెలోషిప్పులు నడుపుతోంది. అమెరికాలో పిల్లల వైద్యంలో మూడేళ్ల రెసిడెన్సీ తర్వాత మూడేళ్ల ఫెలోషిప్. అక్కడ ఈ విభాగానికి తొలి బోర్డు పరీక్ష పెట్టింది 1975లో. మన జిల్లా ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ల దారి వేరు. పుట్టిన బిడ్డకు ఊపిరి అందించడం నేర్పే నవజాత శిశు సురక్షా కార్యక్రమం 2009లో మొదలైంది, అది రెండు రోజుల శిక్షణ. ప్రత్యేక నవజాత శిశు విభాగాల్లో, అంటే ఎస్‌ఎన్‌సీయూల్లో, పనిచేసేవాళ్లకు నాలుగు రోజుల తరగతులు, ఆ తర్వాత పెద్ద ఆస్పత్రిలో రెండు వారాలు దగ్గరుండి చూడటం. దేశంలో తొలి ఎస్‌ఎన్‌సీయూ 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలై, ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ చేరింది. ఒక దారి పదకొండేళ్లకు పైనే, ఇంకొకటి మూడు వారాల లోపు. రెండు చోట్లా బిడ్డ బరువు మాత్రం అదే కిలో. ఈ తేడా ఎంత పెద్దదైనా రెండు దారుల్లోనూ ఒకటే ధోరణి కనిపిస్తుంది: నేర్పు అనేది నేర్చినవాడి సొంత ఆస్తి. సీటు కొట్టాడు, ర్యాంకు తెచ్చుకున్నాడు, ట్యూబులు వేసి వేసి చెయ్యి తిప్పుకున్నాడు అంటాం. ర్యాంకు తెచ్చుకున్నది అతనే, కాదనను. చెయ్యి తిరగడంలో మాత్రం ఇంకొకరి వాటా ఉంది.

ఆ వాటా ఎంతో కొలిచినవాళ్లున్నారు. మెల్‌బోర్న్‌లో కాల్మ్ ఓడొనెల్ బృందం ప్రసవ గదుల్లో వీడియోలు తీసి, 2006లో ప్రచురించిన అధ్యయనంలో, శ్వాసగొట్టం వేసే ప్రయత్నాలు మొత్తం మీద మూడింట రెండొంతుల కన్నా తక్కువే ఫలించాయని తేలింది. సీనియర్లకు పదిలో ఎనిమిది తొమ్మిది సార్లు కుదిరిన పని, కొత్త రెసిడెంట్లకు నాలుగింట ఒక్కసారే కుదిరింది. మిగిలిన మూడు సార్లూ ఒక బిడ్డ నోట్లో లారింగోస్కోపు లోహపు నాలుక దూరి, గొంతు కనిపించక, ఖాళీగా బయటికొచ్చింది. ప్రయత్నాలు పెరిగేకొద్దీ ఆక్సిజన్ పడిపోవడం, గుండె నెమ్మదించడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయని పలు ఆస్పత్రులు కలిసి నడిపే రిజిస్ట్రీల లెక్కలు చెబుతూనే ఉన్నాయి. దీనికి తోడు వైద్యం మెరుగుపడటమే తెచ్చిపెట్టిన చిక్కు ఒకటుంది. ఒకప్పుడు ఉమ్మనీటిలో మలం కలిసి నీరసంగా పుట్టిన ప్రతి బిడ్డకూ గొట్టం వేసి పీల్చేవారు. దానివల్ల ప్రయోజనం రుజువు కాకపోవడంతో పదేళ్ల కిందట మార్గదర్శకాలు ఆ అలవాటును మాన్పించాయి. నెలలు నిండని బిడ్డలకు కూడా వెంటనే వెంటిలేటర్ పెట్టకుండా ముక్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్‌తో మొదలుపెట్టడం మంచిదని పెద్ద పరీక్షలు తేల్చాయి. బిడ్డలకు ఇది ఎంతో మేలు. కానీ నేర్చుకునేవాళ్లకు చేతిలోకి వచ్చే అవకాశాలు తగ్గిపోయాయి. వైద్యం ఎంత సున్నితమైతే వైద్యుడికి అనుభవం అంత కరువవుతుంది. ఇక్కడే ఒక చెడ్డ ఆశ తలెత్తుతుంది: సీప్యాప్‌తో సరిపోయే బిడ్డకు 'పీజీ నేర్చుకుంటాడులే' అని గొట్టం వేయించడం. అలా చేస్తామని ఎవరూ ఒప్పుకోరు. అలా చేయకూడదని ఏ సిలబస్సూ గట్టిగా చెప్పదు.

ఈ సంబంధానికి పేరు పెట్టాలంటే మన సంప్రదాయంలో అందుకు తగిన ఆలోచన ఉంది. బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది: ఋషులకు, దేవతలకు, పితరులకు. శతపథ బ్రాహ్మణం నాలుగోదాన్ని కలిపింది, అది తోటి మనుషులకు ఉన్న బాకీ. ఇందులో ఋషి ఋణం తీరే పద్ధతి అన్నిటికన్నా విచిత్రం. దేవతలకు యజ్ఞంలో ఆహుతులు ఇవ్వవచ్చు, ఋషులకు తిరిగి ఇవ్వడానికి ఏమీ ఉండదు. వాళ్లు లేరు, ఉన్నా వాళ్లకు మన దగ్గర అక్కరలేదు. అందుకే చదువుకోవడం ద్వారా, చదివినదాన్ని తర్వాతివాడికి అందించడం ద్వారా ఆ బాకీ తీరుతుందన్నారు. అప్పు ఇచ్చినవాడు ఒకడు, తిరిగి పుచ్చుకునేవాడు ఇంకొకడు. నవజాత శిశు వైద్యుడు తొలి బిడ్డలకు పడే బాకీ సరిగ్గా ఈ తీరుది. ఆ బిడ్డకు తిరిగి ఇవ్వడానికి ఏమీ ఉండదు, కొన్నిసార్లు ఆ బిడ్డే ఉండదు. తీర్చాల్సింది తర్వాత వచ్చే బిడ్డకు, తర్వాత నేర్చుకునేవాడి చేతికి. అయితే నవజాత శిశువుల ఐసీయూ, అంటే ఎన్‌ఐసీయూ, ఈ పాత లెక్కను తలకిందులు చేస్తుంది. పుట్టిన ప్రతివాడూ బాకీతో పుడతాడన్నది శాస్త్రం. ఇక్కడ పుట్టిన గంటలోపే బిడ్డ అప్పు ఇచ్చినవాడవుతాడు. ఊళ్లో ఉండి తీరాల్సినవాళ్లను లెక్కపెడుతూ సుమతీ శతకకారుడు అప్పిచ్చేవాణ్ణీ వైద్యుణ్ణీ పక్కపక్కనే నిలబెట్టాడు. ఈ గదిలో మాత్రం వైద్యుడే అప్పు పుచ్చుకున్నవాడు, ఇచ్చినవాడు ఇంకా కళ్లు కూడా సరిగా తెరవలేదు.

ఒక్కో వైద్యుడి సంగతి అలా ఉంచితే ఈ వైద్యశాస్త్రమే మొత్తంగా బిడ్డల దగ్గర అప్పు చేసి పెరిగింది. 1940ల్లో, 50ల తొలినాళ్లలో నెలలు నిండని బిడ్డలను పెట్టెలో ఉంచి ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చారు. ఊపిరి అందనివాడికి గాలి ఎక్కువివ్వడం తప్పని ఎవరికీ తోచలేదు. ఆ ఆక్సిజనే కంటి వెనకపొరలో రక్తనాళాలను పాడుచేసి ప్రపంచమంతటా దాదాపు 10,000 మంది పిల్లలను గుడ్డివాళ్లను చేసింది. 1953లో అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి, కొందరికి పాత పద్ధతిలో, మిగతావాళ్లకు తగ్గించి ఆక్సిజన్ ఇచ్చి పోల్చాక గానీ నిజం తేలలేదు. ఆ పోల్చడంలో కూడా కొందరు బిడ్డల చూపు పోయింది. ఇప్పుడు వార్మర్ పక్కన మెరిసే ఆక్సిజన్ అంకెను నర్సమ్మ ఎందుకు అన్నిసార్లు చూస్తుందంటే ఆ పిల్లల వల్ల. మరి ఆ బాకీ మనం తీర్చామా? 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వాస్పత్రిలో నెలలు నిండక పుట్టిన పాపకు ఇదే కంటిజబ్బు పరీక్ష చేయించమని చెప్పేవాళ్లు లేకపోయారు, పాప చూపు కోల్పోయింది. 2015లో సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది. నాలుగు దశాబ్దాల ముందే వేలమంది పిల్లల కళ్లు పణంగా పెట్టి తెలుసుకున్న సంగతి ఆ పాప మంచం దాకా రాలేదు. అప్పు చేయడం కన్నా ఎగవేయడమే పెద్ద తప్పు అనుకుంటే, ఇది ఎగవేత. తెలిసినదాన్ని తర్వాతివాడికి అందించకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని విద్యలోపం అని మెత్తగా అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

దీనికి మొదటి అభ్యంతరం అందరి నోటా వినిపించేదే. ఏ విద్యయినా ఇలాగే వస్తుంది, పెద్దల మీద ఆపరేషన్లు నేర్చుకునేవాడూ ఇంతే, పైగా పెద్ద బోధనాసుపత్రిలో చేరిన బిడ్డకు జిల్లాలో దొరకని వైద్యం దొరుకుతుంది, కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడం సరిపోయింది, ఇంకా బాకీ ఎక్కడిది అంటారు. ఇందులో సగం నిజం. హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రికి తెలంగాణ జిల్లాల నుంచీ, సరిహద్దు అవతలి నుంచీ అంబులెన్సుల్లో వచ్చే బిడ్డల్లో చాలామందికి అది తప్ప మరో చోటు లేదు. అక్కడ దొరికే వైద్యం వాళ్లకు పెద్ద మేలే. కానీ బేరం అనాలంటే ఇద్దరూ వద్దనగలగాలి. పెద్దవాడికి ఇంకో డాక్టరును చూసుకునే వీలుంది, లేదంటే వద్దు పొమ్మని లేచిపోవచ్చు. ఇక్కడ బిడ్డకు నోరు లేదు, తల్లిదండ్రులకు వేరే దారి లేదు. ఇంకో సంగతి కూడా దాచకూడదు. నేర్చుకునే చేతుల కింద పడేది ఎక్కువగా పేదింటి బిడ్డలు. ఆ చేతులు బాగా తిరిగాక వాటి సేవ అందేది ఎక్కువగా డబ్బు కట్టగలిగిన ఇంటి బిడ్డలకు. ప్రభుత్వాస్పత్రిలో నేర్చి కార్పొరేట్ ఆస్పత్రిలో చేరడం చట్టప్రకారం తప్పు కాదు, చేరినవాడు చెడ్డవాడూ కాడు. అయినా ఒకరి దగ్గర తీసుకున్నది మరొకరి దగ్గర తీరుస్తున్నాడు. తర్వాతి బిడ్డకు తీర్చాలన్న మాటకు 'ఏ బిడ్డకైనా' అని అర్థం చెప్పుకోవడం సులువు. అప్పు ఇచ్చినవాళ్ల వీధిలో పుట్టే బిడ్డకు అని అర్థం చెప్పుకోవడమే న్యాయం.

ఇక్కడ బాకీ వైద్యుడొక్కడిదే కాదు. నిలోఫర్ ఆస్పత్రి పుట్టుక కథ తెలిసిందే. నిజాం కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసిన ఒక స్త్రీ ప్రసవంలో చనిపోయింది. ఇంకెవరికీ అలా జరగకూడదన్న నిలోఫర్ పట్టుదలతో 1953లో ఆ ఆస్పత్రి వచ్చింది. ఒక పనిమనిషి చావు రాకుమారి మెడకు బాకీగా చుట్టుకుంది, ఆమె దాన్ని ఊరందరికీ ఆస్పత్రిగా మార్చింది. ఇలా అందరి మీదా ఉండే బాధ్యతకు ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఫర్జ్ కిఫాయా అని పేరు. సమాజంలో కొందరు చేస్తే మిగతావాళ్లకు తప్పిపోతుంది, ఎవరూ చేయకపోతే పాపం అందరికీ పడుతుంది. వైద్యం అలాంటిదని ఇస్లామీయ పండితుడు అల్-గజాలీ స్పష్టంగా చెప్పాడు. అందరూ ధర్మశాస్త్ర పండితులవ్వాలని ఎగబడుతుంటే ఊళ్లకు వైద్యులు కరువవుతున్నారని పదకొండో శతాబ్దం చివర్లోనే చిరాకుపడ్డాడు. మన ఇంట్లో బిడ్డ కార్పొరేట్ ఎన్‌ఐసీయూలో బతికినప్పుడు బిల్లు కట్టేశాం కదా, ఇంకెవరికీ బాకీ లేదనుకుంటాం. ఆ వైద్యుడి వేళ్లలోని నేర్పు ఆ బిల్లులో ఎక్కడా కనపడదు. అది ఎప్పుడో ఒక సర్కారు వార్డులో, పేరు కూడా పెట్టకముందే వెళ్లిపోయిన ఎవరి బిడ్డో ఇచ్చింది.

రెండో అభ్యంతరం సమ్మతి గురించి. తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అంటారు. ఏ కాగితం మీద పెట్టారు? అర్ధరాత్రి, తల్లి ఇంకా ఆపరేషన్ గదిలోనే ఉండగా, ఏం జరిగినా మాకు సమ్మతమే అని తండ్రితో చేయించే సంతకం బిడ్డ తరఫున ఇచ్చిన మాట కాదు, ఆస్పత్రి తన కోసం రాయించుకున్న రక్షణ పత్రం. పైగా తండ్రి బిడ్డకు యజమాని కాడు, కాపలాదారు. అతను బిడ్డ మేలు కోసం ఒప్పుకోగలడు గానీ బిడ్డను అప్పుగా ఇచ్చే హక్కు అతనికి లేదు. ఇందులో ఒక వింత ఉంది. ఒక మందు ఎంత బాగా పనిచేస్తుందో చూడాలంటే ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లాలి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. నెలలు నిండని బిడ్డల్లో ఆక్సిజన్ స్థాయిలను పోల్చిన 'సపోర్ట్' పరీక్ష సమ్మతి పత్రాల్లో ముప్పును సరిగా చెప్పలేదని 2013లో అమెరికా ప్రభుత్వ సంస్థే తప్పుపట్టింది, దానిమీద పెద్ద వాదమే నడిచింది. అదే వార్డులో, ఇంతవరకు ఎప్పుడూ ఈ పని చేయని వ్యక్తి తొలిసారి గొట్టం వేస్తే ఏ కమిటీ అడగదు. ముప్పు అక్కడ లెక్కకట్టి ఉంది, నాలుగింట మూడు అని. అయినా దాన్ని చదువు అంటాం, ప్రయోగం అనం. అత్యవసరంలో ఆగి సమ్మతి అడగమని నేను అనడం లేదు. నిమిషం ఆలస్యమైతే మెదడు దెబ్బతినే చోట అది దుర్మార్గమే. అడగాల్సింది ముందుగా, గర్భిణి పరీక్షలకు వచ్చే రోజుల్లోనే: ఇది బోధనాసుపత్రి, ఇక్కడ నేర్చుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల పక్కన పెద్ద డాక్టరు ఉంటారు, రెండోసారి కుదరకపోతే చేతులు మారతాయి అని తేట తెలుగులో చెప్పాలి. ఇలా చెబితే అందరూ పారిపోతారని భయపడేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. చెప్పలేని పద్ధతి ఏదైనా సరే, చెప్పలేకపోవడమే దాని మీద తీర్పు. 'ఆ బిడ్డ రాత అంతే' అన్న జవాబును గురించి ఒక్క మాట చాలు. కన్నవాళ్లు అంటే అది ఓదార్పు, ట్యూబు వేసినవాడు అంటే తప్పించుకోవడం.

మరి బాకీ తగ్గించుకునే దారి ఏది? తీసుకోక తప్పని అప్పును వీలైనంత తక్కువ తీసుకోవడమే మొదటి పని. ఈ మాట కొత్తదేం కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయమంతా దీని గురించే. శిష్యుడు మనిషి ఒంటి మీద కత్తి పెట్టకముందు గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయల మీద కోత నేర్వాలి. నీళ్లూ బురదా నింపిన తోలు సంచుల మీద చీల్చడం, తామర కాడల మీదా చచ్చిన జంతువుల నరాల మీదా సిర విప్పడం, పురుగు తొలిచిన కర్రలో, వెదురులో శలాక పెట్టి చూడటం, మెత్తని తోలు మీద కుట్టు వేయడం, మనిషి బొమ్మకు కట్లు కట్టడం నేర్వాలి. శాస్త్రమంతా చదివినా ఈ అభ్యాసం లేనివాడు పనికి పనికిరాడని ఆ అధ్యాయం ఖరాకండిగా చెబుతుంది. రెండు వేల ఏళ్ల నాటి ఈ గ్రంథం పేరు చెప్పి గర్వపడటం మనకు తేలికగా వచ్చింది గానీ అందులోని క్రమాన్ని పాటించడం రాలేదు. ఇవాళ ఆ గుమ్మడికాయకు బదులు శ్వాసనాళం ఉన్న ప్లాస్టిక్ బొమ్మ ఉంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1987లో మొదలుపెట్టిన పునరుజ్జీవన శిక్షణ, బీద దేశాల కోసం 2010లో తెచ్చిన 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్', మన రెండు రోజుల కార్యక్రమం, అన్నీ బొమ్మతోనే నడుస్తాయి. కెమెరా ఉన్న లారింగోస్కోపుతో గొంతు లోపల ఏముందో పక్కనున్న గురువుకూ తెర మీద కనిపిస్తుంది. డబ్లిన్‌లో ఓడొనెల్ బృందమే 2024లో ప్రచురించిన పరీక్షలో దానితో తొలి ప్రయత్నం 74 శాతం ఫలించింది, మామూలు పరికరంతో 45 శాతం. ఒక పరికరంతో ఇన్ని విఫల ప్రయత్నాలు తగ్గుతాయని తెలిశాక, బోధనాసుపత్రిలో అది లేకుండా కొత్తవాడి చేత గొట్టం వేయించడాన్ని డబ్బు కొరత అనాలా, మరొకటి అనాలా? ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. ఒక పెద్ద ఎన్‌ఐసీయూలో కొనే వెంటిలేటర్ల ధరతో పోల్చినప్పుడు మాత్రం ఆ ఎక్కువ అంత ఎక్కువగా కనిపించదు.

బొమ్మలు చాలవు, నిజమైన ఒళ్లే కావాలనుకుంటే చనిపోయిన బిడ్డల మీద నేర్చుకోవచ్చు కదా, వాళ్లకు నొప్పి ఉండదు అనేవాళ్లు ఒకప్పుడు అమెరికాలో చాలామందే ఉండేవారు, ఆ పని జరిగేది కూడా. ఈ శతాబ్దం మొదట్లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కుటుంబం అనుమతి లేకుండా అలా చేయకూడదని తేల్చింది. నొప్పి ఒక్కటే లెక్కైతే ఈ నిషేధానికి అర్థం లేదు. నొప్పి లేకపోయినా తీసుకోవడం తీసుకోవడమే, అడగకుండా తీసుకోవడం మరొకటి. పసిబిడ్డను దహనం చేయకుండా భూమిలో దాచే ఆచారం మన ఇళ్లలో చాలాచోట్ల ఉంది. ఆ పసి ఒంటికి కర్మకాండ అంతా ఎందుకు వద్దన్నారనే దానికి పెద్దలు ఏవేవో చెబుతారు. ఆ ఒళ్లు కన్నవాళ్లకు ఎంత దగ్గరిదో ఆ ఆచారాన్ని చూస్తే తెలుస్తుంది. అడిగితే ఇచ్చేవాళ్లుంటారు. అడగడం శిక్షణలో భాగం కావాలి, అది వైద్యుడు నేర్వాల్సిన విద్యల్లో అన్నిటికన్నా కష్టమైనది.

ప్రభుత్వాలు బాకీని తమ పద్ధతిలో గుర్తించాయి, దాని పేరు బాండ్. సూపర్ స్పెషాలిటీ చదివినవాళ్లు కొన్నేళ్లు ప్రభుత్వాస్పత్రుల్లో పనిచేయాలి, లేదా లక్షల్లో డబ్బు కట్టాలి అని తెలుగు రాష్ట్రాలతో సహా పలు రాష్ట్రాలు పెట్టిన షరతును 2019లో సుప్రీంకోర్టు సమర్థించింది. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో మన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఉన్నారు. తీర్పు సబబే. బాండ్‌లోని ఆలోచన మాత్రం సగమే సరి. అక్కడ అప్పిచ్చింది ప్రభుత్వం, ఇచ్చింది డబ్బు. అందుకే డబ్బుతో తీర్చే వీలుంది. ఇచ్చింది బిడ్డలు, తీసుకున్నది నేర్పు అనుకుంటే డబ్బు కట్టి బయటపడే దారి ఉండదు, తీర్చాల్సింది నేర్పుతోనే. ఆ లెక్కన ఒక డీఎం వైద్యుడు జిల్లా ఎస్‌ఎన్‌సీయూలో కూర్చుని రోజుకు ఎంతమంది బిడ్డలను చూశాడన్నదాని కన్నా అక్కడి నర్సులకూ, డ్యూటీ డాక్టర్లకూ ఎంత నేర్పాడన్నది బలమైన కొలత. మూడు వారాల శిక్షణతో కిలో బిడ్డ ముందు నిలబడ్డ మనిషికి పక్కన ఎవరైనా ఉండటం కన్నా పెద్ద సాయం లేదు. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో గడపాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. డీఎం విద్యార్థికి దాన్ని నేర్పే పనిగా మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. విదేశాలకు వెళ్లినవాళ్ల గురించి మనం కోపంతోనో గర్వంతోనో మాట్లాడతాం, రెండూ వాళ్లను తప్పించుకోనిస్తాయి. ఋషి ఋణానికి ఊరి సరిహద్దు లేదు. డాలస్‌లో ఉన్న తెలుగు నియోనాటాలజిస్టు కర్నూలు పీజీకి తెర మీద ఒక కేసు నేర్పితే అదీ చెల్లింపే. అప్పుడప్పుడు ఆస్పత్రికి పరికరం కొనిచ్చి శిలాఫలకం వేయించుకోవడం మాత్రం దానం కిందికి వస్తుంది, బాకీ కిందికి రాదు.

చివరి అభ్యంతరం లోతైనది. ఋణం అనే ఆలోచనే అపాయకరం అంటారు. ఒకటి, దాన్ని చెప్పిన గ్రంథం బ్రాహ్మణుడి గురించే చెప్పింది, పుట్టుకతో బాకీ అంటూ మనిషిని కట్టేసే సమాజంలో ఆ మాట ఎవరి మెడకు తాడు వేసిందో చరిత్రకు తెలుసు. రెండు, ముప్పై గంటల డ్యూటీలో నలిగిపోతున్న యువ వైద్యుడి నెత్తిన ఇంకో అపరాధ భావం పెట్టడం క్రూరం, వణికే చెయ్యి ఇంకా వణుకుతుంది. మొదటిదానికి జవాబు ఆ సంప్రదాయంలోనే ఉంది. తైత్తిరీయం బ్రాహ్మణుడు అంటే, శతపథం ఉన్న ప్రతివాడూ అంది. ఆ రెండో మాటనే నేను పట్టుకున్నాను, మొదటి దాన్ని వదిలేయడానికి నాకు సంకోచం లేదు. పైగా ఇక్కడ అడుగుతున్నది పేదవాడు పెద్దవాడికి పడే బాకీ కాదు, పెద్దవాడు పేదవాడి బిడ్డకు పడే బాకీ. రెండోదానికి జవాబు అప్పుకూ అపరాధానికీ ఉన్న తేడాలో ఉంది. అపరాధం చేసినవాడు జరిగినదాన్ని చూసి కుంగిపోతాడు, దాచిపెడతాడు. అప్పు ఉన్నవాడు జరగాల్సినదాన్ని చూస్తాడు, లెక్క రాసుకుంటాడు. రాత్రి ఒంటిగంటకు మూడోసారి కూడా గొట్టం పడనప్పుడు, తప్పు చేశాననుకునే పీజీ సీనియర్‌ను లేపడానికి భయపడతాడు. ఇది బిడ్డ సొమ్ము, నాది కాదు అనుకునేవాడు ఫోన్ చేస్తాడు. నిజానికి ఇద్దరి కన్నా ముందు బాకీదారు నిద్రపోతున్న ఆ సీనియరే. రెండోసారి కుదరకపోతే చేతులు మారాలన్న నియమాన్ని గోడ మీద రాయించాల్సింది, పీజీని ముప్పై గంటలు మేల్కొని ఉండకుండా చూడాల్సింది అతనూ, అతని పైనున్న విభాగాధిపతీ.

ఆచరణలో ఇదంతా ఒక చిన్న పుస్తకం దగ్గర మొదలుపెట్టవచ్చు. ప్రతి డీఎం విద్యార్థీ లాగ్‌బుక్ రాస్తాడు: ఇన్ని గొట్టాలు వేశాను, ఇన్ని బొడ్డు లైన్లు పెట్టాను అని. అది ఇప్పుడు ఆదాయం రాసుకునే పుస్తకంలా ఉంటుంది, సంఖ్య పెరిగితే సంతోషం. దాంట్లో మరో రెండు గడులు కావాలి. ఎన్నో ప్రయత్నంలో కుదిరింది, కుదరనప్పుడు ఎవరు అందుకున్నారు, ఆ బిడ్డ ఏమైంది అన్నది మొదటి గడి. ఆ పనిని ఆ తర్వాత ఎవరికి నేర్పాను, వాళ్లకు ఎన్నోసారికి కుదిరింది అన్నది రెండోది. విఫలాలు రాస్తే పరీక్షలో మార్కులు పోతాయని విద్యార్థులు దాస్తారనే మాట నిజమే. అందుకే ఆ గడులకు మార్కులు ఉండకూడదు. పరీక్షకు వచ్చే బయటి పరీక్షకుడు మొదటి గడిని విద్యార్థి ముందు కాకుండా విభాగాధిపతి ముందు పెట్టి అడగాలి. రెండో గడి ఖాళీగా ఉంటే మాత్రం విద్యార్థినే అడగాలి.